దెబోరా లేచి నిలబడ్డ ఆదివారాలు

ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లకి ముందు పాస్టరు అయ్యగారు ఒక ప్రశ్న అడుగుతారు. "ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో విరోధం ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పి సమాధానపడండి." అడిగి కళ్లు మూసుకుని కాసేపు ఆగుతారు. తరువాత రొట్టె పళ్లెం మీద కప్పిన తెల్లగుడ్డ తీస్తారు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో తెలుగు సంఘం మొదలైన దగ్గర్నుంచీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాళ్లు లేరు. విరోధాలు లేక కాదు. కుళాయి దగ్గర బిందెల వరస కోసం శనివారం జుట్లు పట్టుకున్నవాళ్లు ఆదివారం పక్కపక్కనే కూర్చుని తలలు వంచుకునేవారు.

అరవై ఒకటో సంవత్సరం, ఆగస్టు నెల. అయ్యగారి చెయ్యి గుడ్డ మీద పడేలోపు ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచింది.

"ఏమ్మా దెబోరా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందయ్యగారూ." ఆ గొంతు ముందు వరసల దాకానే వినపడింది. "మీరు అడిగినారు గదా. నాకుంది."

"ఏముంది?"

"పగ."

ఎవరి మీద అని అయ్యగారు అడగలేదు. ఆమె కళ్లు అప్పటికే ఎదుటి వరసలో, పళ్లెం మోయడానికి తెల్ల చొక్కా వేసుకుని సిద్ధంగా నిలబడ్డ సంఘపెద్ద ఎలీయాజరు మీద ఉన్నాయి.

అలా లేచి నిలబడేది ఎవరైనా కావచ్చు గానీ దెబోరా మాత్రం కాదని అంతవరకూ అందరూ అనుకునేవారు. పొరుగింట్లో ఉప్పు అడగడానికి వెళ్లి, గుమ్మం దగ్గర నిలబడి, వాళ్లే చూసి పలకరించేదాకా నోరు తెరవని మనిషి. తండ్రిది టెక్కలి దగ్గర పల్లె. షాలిమార్ రైలు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పని చేసేవాడు. అక్కడి తెలుగు బడిలో దెబోరా ఐదు దాకా చదివింది. తల్లి మంచాన పడితే తమ్ముళ్లను ఎత్తుకోవడానికి బడి మానిపించారు. పలక పోయింది గానీ చూసే అలవాటు మిగిలింది. ఎవరింట్లో ఎవరు ఎవరివైపు చూడకుండా అన్నం తింటున్నారో, ఎవరు నవ్వుతూ పళ్లు బిగిస్తున్నారో ఆమెకి తెలిసేది. తెలిసినా ఎవరితోనూ అనేది కాదు.

ఆమె భర్త జీవరత్నం. ఖిదిర్‌పూర్ దాటాక, ఓడరేవు పెద్ద ఆఫీసర్లు, కంపెనీ బాబులు ఈదే క్లబ్బు ఒకటి ఉండేది. అక్కడి ఈత కొలనుకి పంపు మనిషి జీవరత్నం. బెంగాలీలు దాన్ని చౌబచ్చా అంటే మనవాళ్లూ అలాగే అనేవారు. నీళ్లు నింపడం, వడపోయడం, బ్లీచింగ్ పౌడరు కలపడం అతని పని. అదే క్లబ్బు వెనకవైపు పెరట్లో దెబోరా, అప్పలకొండమ్మ అనే మునిసిపాలిటీ జమాదారు భార్య కలిసి తువ్వాళ్లు ఉతికేవారు. వీళ్లందరినీ ఆ పనుల్లో పెట్టించింది ఎలీయాజరు. అతను క్లబ్బులో ఓవర్సీయరు. సంఘంలో సగం మంది అతని చలవతోనే అన్నం తింటున్నారు. ఆ సంగతి అతను ఎప్పుడూ అనడు. అనకుండానే అందరికీ గుర్తు చేసే నడక ఒకటి అతనికి ఉండేది.

జీవరత్నం గొంతు పెద్దది. గుళ్లో పాట ఎత్తేది అతనే. అతను మొదటి చరణం అందుకుంటే వీధి చివర పాన్ దుకాణం దాదా కూడా రేడియో తగ్గించేవాడని చెప్పుకునేవారు.

బాప్తిస్మాలు అంతకుముందు గంగలో ఇచ్చేవారు. అరవయ్యో సంవత్సరం ఒక కుర్రది నీళ్లలోంచి లేచేసరికి నుదుటి మీద స్టీమరు నూనె నల్లగా అంటుకుని, మెట్ల మీద కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. ఎలీయాజరుకి అది తల కొట్టేసినట్టయింది. "మనవాళ్లు ఇక గంగలో మునగరు, నీలం నీళ్లలో మునుగుతారు" అని ప్రకటించి, క్లబ్బు సెక్రటరీ కాళ్లా వేళ్లా పడి, మరుసటి ఏడు ఈస్టరు తెల్లవారుజామున ఎవరూ రాకముందు ఒక గంటసేపు కొలను వాడుకోవడానికి అనుమతి సంపాదించాడు.

చలికాలమంతా మూసి ఉన్న కొలను అది. గోడలకి పాచి పట్టింది. ప్రతి ఏడూ యాసిడ్‌తో పలకలు, వడపోత తొట్టి తోమి, కడిగి, ఆరబెట్టి, నీళ్లు నింపి, ఆ తరువాతే పౌడరు కలిపేవారు. ఆ ఏడు కుళాయి నీళ్లు సరిగ్గా రాక పనంతా వెనకపడి ఈస్టరు ముందు శనివారానికి వచ్చింది. పంపు గది సగం నేలలోకి ఉంటుంది. దానికున్న ఒక్క కిటికీ తువ్వాళ్ల పెరట్లోకి, నేలకి ఆనుకుని తెరుచుకుంటుంది. ఆ కిటికీ పక్కన రాయి మీద దెబోరా తువ్వాళ్లు పిండుతోంది. లోపల భర్త, ఎలీయాజరు అనుకునే మాట ప్రతిదీ వినపడుతోంది.

"అన్నా, ఈ బాల్టీలో యాసిడ్ ఉంది. కడిగి, కాసింత గాలాడినాక పొడి కలుపుతాను."

"కడగడం తరవాత పెట్టుకో. తెల్లారితే అయ్యగారొస్తారు, జనమొస్తారు. నీళ్లు పాచి రంగులో ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? పోసెయ్."

"రెండూ కలవకూడదంటారన్నా."

"ఎవరంటారు? నాకు నేర్పుతావా? పొయ్యమంటున్నా, నేనున్నాను గదా."

బాల్టీ ఇనుప చెవి చప్పుడు వినపడింది. తరువాత నీళ్లు మరిగినట్టు బుసబుస. కిటికీలోంచి పసుపూ ఆకుపచ్చా కలిసిన పొగ, పైకి లేవకుండా నేల మీద పాకుతూ, ఉతికిన తువ్వాళ్ల గంప వైపు వచ్చింది. మెట్లెక్కి ముందు బయటికి పరిగెత్తింది ఎలీయాజరు, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని. జీవరత్నం రాలేదు. దెబోరా తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని దిగి, చేతులు పట్టి ఈడ్చుకొచ్చింది. అతను పెరట్లో బోర్లా పడి, గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు, గాలి కోసం నేలని గోకుతున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు, రొమ్ము లోపల కాలిందన్నాడు. బతుకుతాడు గానీ మునుపటి ఊపిరి రాదన్నాడు. దెబోరా ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ తెల్లవారుజామునే నీలం నీళ్లలో బాప్తిస్మాలు జరిగాయి. మునిగినవాళ్లకి కళ్లు మండాయని, ఇద్దరు ముగ్గురు సాయంత్రం దాకా దగ్గారని అప్పలకొండమ్మ తరువాత చెప్పింది. పాట ఎత్తడానికి జీవరత్నం లేడు కాబట్టి ఎలీయాజరే ఎత్తాడట. బాగానే ఎత్తాడట.

సెక్రటరీ గదిలో విచారణ జరిగింది. ఎలీయాజరు తడబడకుండా చెప్పాడు: నేను అప్పుడు గేటు దగ్గర ఉన్నాను, పంపు గదిలో లేను, ఆ మనిషి తొందరపడి తన ఇష్టానికి కలిపాడు. దెబోరా తడి చేతులతో తలుపు పక్కనే నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడగనిదే మాట్లాడడం ఆమెకి చేతకాలేదు. జీవరత్నం పని పోయింది.

మూడు గదుల అవతల ఎవరైనా బొగ్గుల పొయ్యి రాజేసినా అతనికి ఆయాసం వచ్చేది. సాంబ్రాణికి వచ్చేది, పోపు ఘాటుకి వచ్చేది. దెబోరా కుంపటి పట్టుకుని సందు చివరికి పోయి అతనికీ పిల్లలకీ వండేది. క్లబ్బు నుంచి రాగానే చీర మార్చుకునేది. ఆ పౌడరు వాసన చీరలో ఉంటే అతను మంచం పట్టె పట్టుకుని వంగిపోయేవాడు. అయినా క్లబ్బు పని ఆమె మానలేదు. "ఆడి మొహం రోజూ ఎలా సూస్తన్నావే?" అని అప్పలకొండమ్మ అడిగితే, "ఆడు నా మొహం రోజూ సూడాల" అంది.

మే నుంచి జూలై దాకా ప్రతి నెలా అయ్యగారు ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఆగస్టు వచ్చేసరికి దెబోరాకి తట్టింది. ఈ ఊళ్లో తనను అడిగే మనిషి ఆయనొక్కడే.

ఒకరు అలా నిలబడి చెబితే, ఆ విరోధం తీరేదాకా ఇద్దరూ ప్రభువు బల్ల రొట్టె ముట్టకూడదన్నది టెక్కలి వైపు సంఘాల పాత కట్టుబాటు. ఇద్దరిలో సంఘపెద్ద ఉంటే అతను పళ్లెం ముట్టకూడదు. ఇక్కడ ఎప్పుడూ అవసరం పడలేదు గానీ కట్టుబాటు కట్టుబాటే. అయ్యగారు ఇరుకున పడి, ఎలీయాజరు చేతుల్లోంచి పళ్లెం తీసి ఇంకొకరికి ఇచ్చారు. అంత నిండుగా నిలబడే మనిషి ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తెలియక, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, మళ్లీ ముందుకు తెచ్చుకున్నాడు. దెబోరా ఆ చేతులనే చూసింది. కడుపు నిండినట్టయింది.

సెప్టెంబరులో లేచింది. అక్టోబరులో లేచింది. క్రిస్మసు నెల మొదటి ఆదివారమూ లేచింది. ఏం విరోధమో చెప్పమ్మా అని అయ్యగారు అడిగితే, "ఆయనకి తెలుసు. ఆయన్నే సెప్పమనండి" అనేది. కూర్చునేది. ఎలీయాజరు పైకప్పు చూసేవాడు.

సంఘం ఆమె మీద మండిపడింది. అన్నం పెట్టిన చెయ్యి అది అన్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె వరస వచ్చేసరికి బిందె అడ్డం పెట్టి, "రాణీగారు లేచి నిలబడతారేటో, జరగండి జరగండి" అని ఎగతాళి చేసేవారు. దెబోరా నీళ్లు పట్టుకునేది, వచ్చేసేది. అప్పలకొండమ్మ సంఘం మనిషి కాదు, ఆమెకి గుడీ లేదు, బల్లా లేదు, అయినా కోపం ఆగేది కాదు. "మా వోళ్లయితే ఈపాటికి ఆడి గుమ్మం ముందు దుమ్మెత్తిపోసి తేల్చేసుందురు. మీదేటే, నెలకోపాలి లేసి కూకోడం? ఇదేం పగే?"

"ఇదే నెమ్మదిగా కాలతాదక్కా" అంది దెబోరా.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఎలీయాజరు వాళ్లింటికి వచ్చాడు. వెంట భార్య విజయ కుమారి, చేతిలో కమలాపళ్ల బుట్ట. జీవరత్నం మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. లేవబోయాడు. దెబోరా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"చెల్లెమ్మా, ఇంక చాలించు" అన్నాడు ఎలీయాజరు. "తమ్ముడికి ఓడరేవు డాకులో గేటు పని మాట్లాడాను. కూర్చునే పనే."

"డాకులో బొగ్గు దుమ్ము. ఆయన రెండో రోజుకి పోతాడు."

"అయితే వేరేది చూస్తాను. నువ్వేం కావాలంటే అది." అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే, నేనే పొయ్యమన్నాను. ఒప్పుకుంటున్నాను. తృప్తేనా?"

"ఇక్కడెవరికి సెప్తన్నావన్నా? ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఈ గోడలకీ తెలుసు. అక్కడ సెప్పు."

"అక్కడ చెప్తే సోమవారానికి క్లబ్బులో తెలుస్తుంది. నా ఉద్యోగం పోతుంది. పిల్లలున్నారు చెల్లెమ్మా."

"మాకూ ఉన్నారు. ఆళ్లు ఏటి తిన్నారో ఒక్కపాలి అడిగినావేటి?"

విజయ కుమారి ఏడ్చింది. జీవరత్నం రెండు మాటలకి ఒకసారి ఆగుతూ అన్నాడు: "ఒగ్గెయ్యే... ఆయన... ఇంటికొచ్చి... సెప్పినాడు గదా."

"నీ ఊపిరి నువ్వు ఒగ్గుకున్నావు. నా కోపం నాది" అంది దెబోరా. కమలాపళ్ల బుట్ట తీసి విజయ కుమారి చేతిలో మళ్లీ పెట్టింది. "ఆయనకి పులుపు పడదొదినా."

ఆ నెలాఖరున ఎలీయాజరు తల్లి దయమ్మ ఊరి నుంచి దిగింది. తెల్లటి జుట్టు, వంగిన నడుము, గంటలాంటి గొంతు. కొడుకు కలకత్తాలో సంఘపెద్ద అయ్యాడని, ప్రభువు బల్ల దగ్గర పళ్లెం మోస్తాడని ఊళ్లో పదిమందికీ చెప్పుకున్న మనిషి. ఆ పళ్లెం మోయగా కళ్లారా చూడాలనే వచ్చింది. ఒక రాత్రీ పగలూ రైల్లో కూర్చుని వచ్చిన ముసలిదాన్ని చూసి వీధంతా మెత్తబడింది. అయ్యగారి భార్య స్వయంగా దెబోరా దగ్గరికి వచ్చి, ఈ ఒక్క ఆదివారం కూర్చోమ్మా, ఆ తల్లి వెళ్లిపోయాక నీ ఇష్టం, అని బతిమాలింది.

జీవరత్నం చేతులు జోడించాడు. "ముసల్ది... ఏటి సేసిందే?"

దెబోరా చాలాకాలంగా ఒక సంగతి గమనిస్తోంది. సంఘం చూస్తే ఎలీయాజరు పైకప్పు చూస్తాడు. భార్య చూస్తే గడియారం చూస్తాడు. తల్లి వచ్చిన దగ్గర్నుంచీ మాత్రం, ఆమె ఎటు కూర్చుంటే అటు తల తిప్పకుండా తప్పించుకు తిరుగుతున్నాడు. ఈ మనిషిలో మెత్తటి చోటు ఎక్కడుందో అప్పుడు కనిపించింది. అక్కడే గుచ్చాలనుకుంది. పాపమేమో అనుకుంది, అయినా గుచ్చాలనే అనుకుంది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం అయ్యగారు ఆ ప్రశ్నని వీలైనంత త్వరగా అడిగి, ఆగకుండా గుడ్డ మీద చెయ్యి వేశారు. దెబోరా అప్పటికే నిలబడి ఉంది.

ముందు వరసలో కూర్చున్న దయమ్మ వెనక్కి తిరిగింది. "ఎవులే ఆ గుంట? ఏటంతంది?"

పక్కన కూర్చున్న విజయ కుమారి తల వంచుకుంది. కొడుకు ముందు పళ్లెం లేదని ముసలామె అప్పుడు చూసింది. కర్ర పట్టుకుని లేచి, రెండు వైపులా జనం జరుగుతుండగా దెబోరా దగ్గరికి వచ్చింది.

"నా కొడుకు మీద పగా నీకు? ఏటి సేసినాడే?"

దెబోరా నోరు తెరిచింది. ఇన్ని నెలలుగా లోపల వరసగా పేర్చుకున్న మాటలన్నీ ఆ గంటలాంటి గొంతు ముందు చెదిరిపోయాయి. చెయ్యెత్తి మగవాళ్ల వైపు, గోడకి ఆనుకుని కూర్చున్న జీవరత్నాన్ని చూపించింది. అందరూ తనని చూస్తున్నారనే భయానికి అతను గబగబా గాలి పీలుస్తున్నాడు. ఆ పిల్లికూత లాంటి చప్పుడు గదంతా వినపడింది.

దయమ్మ ఆ చప్పుడు కాసేపు విన్నది. తరువాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు సెప్పు."

"అమ్మా, ఇది పెద్ద కథ. ఇంటికెళ్లి..."

"ఇక్కడే సెప్పు."

ఎలీయాజరు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "సహోదరులారా, నా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే, ఎవరైనా నొచ్చుకుని ఉంటే..."

"జరిగుంటే ఏట్రా?" ముసలామె కర్ర నేలకి కొట్టింది. "జరిగిందా, నేదా?"

అతను మొదటిసారి తల్లి మొహం చూశాడు. పెద్దమనిషి భాష ఎటు పోయిందో పోయింది. "జరిగిందే అమ్మా. ఆడు వద్దన్నాడు. నానే పొయ్యమన్నాను. నానక్కడే ఉన్నాను. పొగ రాగానే ఆణ్ని ఒగ్గేసి పారొచ్చినాను. సెక్రటరీ సాహెబుకి అబద్ధం సెప్పినాను."

దయమ్మ చీర కొంగు మొహం మీదికి లాక్కుంది. ఎవరి సాయమూ పట్టకుండా బయటికి నడిచింది. ఆ వంగిన వీపు చూసి దెబోరా ఒక అడుగు ముందుకి వేసింది. కొడుకు వైపు చూసి ఆగిపోయింది.

"విన్నావు గదా తల్లీ" అన్నారు అయ్యగారు, పెద్ద బరువు దిగినట్టు. "ఇప్పుడు క్షమించానని ఒక్క మాట అను. చెయ్యి కలుపుకోండి."

జీవరత్నం తన చెయ్యి ఎప్పుడో చాపేశాడు. ఎలీయాజరు ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కుమిలిపోయాడు. దెబోరా అటు కదల్లేదు. "విన్నానయ్యగారూ" అని కూర్చుంది. పళ్లెం ఆమె ముందుకి వస్తే ముట్టకుండా పక్కామెకి అందించింది.

సోమవారం పొద్దెక్కకముందే సంగతి క్లబ్బుకి చేరింది. గుళ్లో కూర్చున్నవాళ్లలో సగం మంది అక్కడ చీపురు పట్టేవాళ్లే. సెక్రటరీ ఎలీయాజరుని పిలిచాడు. ఆ వారంలోనే ఉద్యోగం తీసేశారు. జీవరత్నాన్ని మాత్రం ఎవరూ తిరిగి పిలవలేదు. పిలిచినా ఆ వాసనలోకి అతను అడుగు పెట్టలేడు.

ఎలీయాజరు వెళ్లిపోయిన రోజు దెబోరా పెరట్లో తువ్వాళ్లు పిండుతోంది. అతను గొడుగు చంకలో పెట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, వెనక గేటు వైపు పోతూ రాయి దగ్గర ఆగాడు.

"ఇంకేమైనా ఉందా చెల్లెమ్మా?"

దెబోరా తువ్వాలు విదిలించింది. నీటి తుంపరలు అతని చొక్కా మీద పడ్డాయి. తుడుచుకోకుండా వెళ్లాడు. గేటు దాటి, రోడ్డు దాటి, బస్సు కోసం నిలబడి, బస్సెక్కేదాకా ఆమె పని ఆపి చూసింది.

"నవ్వుతున్నావేటే?" అంది అప్పలకొండమ్మ.

"అవును" అంది దెబోరా. దాచుకోలేదు.

మార్చి ఆదివారం అయ్యగారు ప్రశ్న అడిగి ఆగినప్పుడు గదిలో అందరి తలలూ ఆడవాళ్ల వైపు తిరిగాయి. ఆమె లేవలేదు. గది మొత్తం ఊపిరి వదిలింది. పళ్లెం వచ్చింది. ఆమె మళ్లీ ముట్టకుండా పక్కకి అందించింది. ఆరాధన అయ్యాక అయ్యగారు గుమ్మం దగ్గర ఆపారు.

"ఇదేమిటమ్మా? ఇవాళ లేవలేదు, పగ తీరినట్టేగా, మరి రొట్టె ఎందుకు తీసుకోలేదు?"

"పగ తీరిందయ్యగారూ. సెమించడం ఇంకా మొదలెట్టలేదు."

ఇంటిదారిలో జీవరత్నం దీపస్తంభం దగ్గర ఒకసారి, పాన్ దుకాణం దగ్గర ఒకసారి ఆగాడు. ఆగినప్పుడల్లా ఆమె కూడా ఆగి, చెంగు అడ్డం పెట్టి, రోడ్డు మీది దుమ్ము అతనికి తగలకుండా నిలబడింది.

"ఎప్పుడు... మొదలెడతావే?" అన్నాడు.

"నువ్వు ఎక్కడా ఆగకుండా ఇంటిదాకా నడిసిన రోజు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగింది. దెబోరా అతని వీపు మీద చెయ్యి వేసి, అది తగ్గేదాకా నిమురుతూ నిలబడింది.